‘నిన్న ఏం చేశావ్?’ అంటే ‘అవును’ అన్నాను

ఇంజినీరింగ్ అయిపోయిన ఏడాది. గచ్చిబౌలిలో ఒక కంపెనీకి ఇంటర్వ్యూకి వెళ్లాను. లాటిన్ అమెరికా క్లయింట్లతో పనిచేసే టీమ్‌కి స్పానిష్ వచ్చినవాళ్లు కావాలన్నారు. ఫైల్లో సర్టిఫికెట్ ఉంది, రాతపరీక్షలో 92 మార్కులు ఉన్నాయి. రెండు రౌండ్లు ఇంగ్లిష్‌లో బాగానే గడిచాయి. మూడో రౌండ్‌లో ఫోన్ స్పీకర్ మీద పెట్టారు. అవతల మెక్సికో నుంచి ఒకావిడ. పలకరించి, చాలా మామూలు ప్రశ్న అడిగారు: ‘కె ఇసిస్తె అయేర్?’ అంటే, నిన్న ఏం చేశావ్?

ఆ క్రియాపదం నాకు రాదా? వచ్చు. ‘ఇసె, ఇసిస్తె, ఇసో, ఇసిమోస్, ఇసియెరోన్’ అని పట్టిక మొత్తం నిద్రలో లేపినా రాసేవాణ్ని. పరీక్షలో దానికి పదికి పది వచ్చాయి కూడా. కానీ ఆ గదిలో నోరు పెగల్లేదు. నిన్న నేనేం చేశానో తెలుగులోనే గుర్తు రాలేదు. పది పదిహేను సెకన్లు గడిచాక ఏదో ఒకటి అనాలి కదా అని ‘సీ’ అన్నాను. అంటే ‘అవును’.

నిన్న ఏం చేశావంటే, అవును. అక్కడితో ఇంటర్వ్యూ అయిపోయింది. బయటికొచ్చి బస్టాప్‌లో నిలబడ్డాక మాత్రం సమాధానం గడగడా వచ్చేసింది. అదే అసలు బాధ. తెలియక పోయిన ఉద్యోగం అయితే అంత మంట ఉండదు.

కాలేజీలో ఫారిన్ లాంగ్వేజ్ తీసుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది నన్ను అడిగేది ఒకటే. ‘అన్నా, గ్రామర్ అంతా వచ్చు, మాట్లాడాలంటేనే కాన్ఫిడెన్స్ రావట్లేదు. ఎలా పెంచుకోవాలి?’ నా అభిప్రాయం సూటిగా చెబుతా. ప్రశ్నే తిరగబడి ఉంది. కాన్ఫిడెన్స్ వచ్చాక మాట్లాడదామని కూర్చుంటే అది ఈ జన్మలో రాదు. అది ముందు పెట్టే పెట్టుబడి కాదు, తర్వాత చేతికొచ్చే జీతం లాంటిది.

భయం మీ ఒక్కరిదే కాదు

మనలో చాలామంది, మాట్లాడలేకపోవడాన్ని తమ స్వభావంలో లోపం అనుకుంటారు. ‘నేను ఇంట్రోవర్ట్‌ని బ్రో’ అని ఒక ముద్ర వేసేసుకుంటారు. కానీ విదేశీ భాషా తరగతిలో పుట్టే భయం ప్రత్యేకమైనదని పరిశోధకులు ఎప్పుడో గుర్తించారు. అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఎలెన్ హార్విట్జ్, ఆమె సహచరులు 1986లో దాన్ని కొలవడానికి 33 అంశాలతో ఒక స్కేల్ తయారుచేశారు. ఇతర విషయాల్లో హుషారుగా ఉండేవాళ్లకు కూడా ఇక్కడ గొంతు ఎండిపోవచ్చు. కారణం ఊహించడం కష్టం కాదు. మాతృభాషలో మనం తెలివైనవాళ్లం. జోకులేస్తాం, వాదిస్తాం. కొత్త భాషలో నోరు తెరవగానే మూడేళ్ల పిల్లాడి స్థాయికి పడిపోతాం. నలుగురి ముందు అలా పడిపోవడం ఎవరికి ఇష్టం?

ఇంకో సంగతి. స్పానిష్ వాళ్లు మరీ స్పీడుగా మాట్లాడతారని మీకు అనిపిస్తుంటే అది భ్రమ కాదు. ఫ్రాన్స్‌లోని లియోన్ పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో స్పానిష్ సెకనుకు సగటున 7.82 అక్షరాల వేగంతో నడుస్తుందని, ఇంగ్లిష్ 6.19 దగ్గర ఉంటుందని లెక్క తేల్చారు. అయితే అదే అధ్యయనం చెప్పిన రెండో సగం ఊరటనిస్తుంది. స్పానిష్‌లో ఒక్కో అక్షరం మోసే సమాచారం తక్కువ. అంటే వాళ్లు వేగంగా చెబుతున్నారు గానీ, అదే సమయంలో మరీ ఎక్కువ విషయమేమీ చెప్పేయడం లేదు. రెండు మాటలు జారిపోయినా కొంప మునగదు.

మరి విని అర్థం చేసుకోగలిగినవాడు మాట్లాడలేకపోవడం ఏమిటి? ఇదీ కొత్త సమస్య కాదు. కెనడాలో ఫ్రెంచ్ మాధ్యమంలో ఏళ్ల తరబడి చదివిన ఇంగ్లిష్ పిల్లల్ని మెరిల్ స్వెయిన్ అనే పరిశోధకురాలు గమనించారు. వినడం, చదవడంలో వాళ్లు చాలా బాగున్నారు. మాట్లాడటం, రాయడంలో మాత్రం ఆ స్థాయికి రాలేదు. 1985లో ఆమె చెప్పిందేమిటంటే, భాష చెవిలోకి వెళితే చాలదు, బయటికి రావాలి. మాట్లాడబోయి తడబడినప్పుడే మనకేం రాదో మనకు తెలుస్తుంది. మనవాళ్లు ఈ మాట ఎప్పుడో అన్నారు కదా, గట్టు మీద కూర్చుంటే ఈత రాదని.

మన క్లాస్‌రూమ్ సంగతి చూడండి. 60 మంది విద్యార్థులు, గంట పీరియడ్. సార్ ఒక్క ముక్క కూడా మాట్లాడకుండా అందరికీ సమానంగా అవకాశమిచ్చినా తలకొక నిమిషం. సెమిస్టర్ మొత్తం కలిపినా ఒక సినిమా నిడివి కూడా రాదు. పైగా చాలా కాలేజీల్లో ఈ కోర్సులకు వంద మార్కులూ రాతపరీక్షకే. నోటి పరీక్ష ఉన్నా, బట్టీపట్టిన సెల్ఫ్ ఇంట్రడక్షన్ అప్పజెప్పడమే. మాట్లాడే భాషకు రాతలో మార్కులిచ్చి, ‘మా స్టూడెంట్స్‌కి స్పానిష్ వచ్చు’ అని బ్రోచర్‌లో వేసుకోవడం నాకైతే మోసంలాగే కనిపిస్తుంది. ఇది కాలేజీలే సరిచేయాలి. కానీ వాళ్లు సరిచేసేదాకా మీరు ఆగితే మీ కోర్సు అయిపోతుంది.

ఇంగ్లిష్ గాయాన్ని మోసుకెళ్లొద్దు

ఇప్పుడు నాకు అన్నింటికంటే ముఖ్యమనిపించే విషయం. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంటర్‌లో చేరిన కొత్తలో ‘ఎడ్యుకేషన్’ అనే మాట ఏదో విధంగా పలికితే క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు నాతోపాటు ఇంజినీరింగ్‌కి వచ్చింది, అక్కణ్నుంచి స్పానిష్ క్లాసుకీ వచ్చింది. నోరు తెరిచే ముందు, ‘తప్పు పలికితే?’ అనే ప్రశ్న ముందుగా వచ్చి కూర్చునేది. మీలో చాలామందికి ఇది తెలుసు. చెప్పుకోరు, అంతే.

కానీ ఒక్కసారి ఆలోచించండి. ఇంగ్లిష్‌లో మీ పక్క బెంచీ కాన్వెంట్ కుర్రాడు మీకంటే పన్నెండేళ్లు ముందున్నాడు. స్పానిష్‌లో? వాడిదీ సున్నాయే, మీదీ సున్నాయే. ఇంకా చెప్పాలంటే, తెలుగు నాలుక ఉన్నవాడు రెండడుగులు ముందే ఉన్నాడు. ఊరికే ఉత్సాహపరచడానికి అనడం లేదు. చూపిస్తాను.

స్పానిష్‌లో ‘టి’ అక్షరం మన ‘త’. ‘డి’ మన ‘ద’. ఇంగ్లిష్‌లోలా ట, డ కాదు. ‘అంతా’ అని అర్థమిచ్చే మాటని మన క్లాసుల్లో సగం మంది ‘టోడో’ అంటారు. అది ‘తోదో’. పాలకి మన ‘ప’, క్యాకి మన ‘క’. ఇంగ్లిష్ వాళ్లలా గాలి ఊదక్కర్లేదు. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లు నెలలు కష్టపడి నేర్చుకునేది మన అమ్మ ముద్దపప్పుతో పాటు పెట్టేసింది. మనమే దాన్ని పక్కనపెట్టి, ఇంగ్లిష్ నాలుక తగిలించుకుని స్పానిష్‌లోకి వెళుతున్నాం.

వాక్యం కట్టే తీరు ఇంకా విచిత్రం. ‘నాకు కాఫీ ఇష్టం’ అనాలి. ఇంగ్లిష్ ద్వారా వెళ్లేవాడు ‘నేను ఇష్టపడతాను’ అని మొదలుపెట్టి ‘యో గుస్తో’ అంటాడు, తప్పు. స్పానిష్‌లో అది ‘మె గుస్తా ఎల్ కఫే’. ముక్కకి ముక్క మన ‘నాకు నచ్చుతుంది కాఫీ’. నచ్చేది కాఫీ, నచ్చేది నాకు. ‘మె ద్వేలె లా కబేసా’ అంటే నాకు తల నొప్పి పెడుతోంది. అక్కడా ‘నాకు’. ప్రపంచంలో చాలామంది విద్యార్థుల్ని ఏడిపించే ఈ క్రియలు తెలుగువాడికి ఇంటి సరుకు.

వయసు చెప్పండి. ఇంగ్లిష్‌లో ‘నేను 21’ అన్నట్టు చెప్పాలి కాబట్టి చాలామంది ‘సొయ్’ అని మొదలుపెట్టి దొరికిపోతారు. స్పానిష్‌లో ‘తెంగో బెయింతియూన్ ఆన్యోస్’, అంటే 21 ఏళ్లు ఉన్నాయి అన్నట్టు. ‘వస్తాను’ అంటే ఎవరొస్తారో క్రియలోనే తెలిసిపోతుంది, ‘నేను’ అక్కర్లేదు. స్పానిష్‌లోనూ అంతే. ‘నువ్వు’, ‘మీరు’ తేడా ఉందా? ఉంది: ‘తూ’, ‘ఉస్తేద్’. అత్తగారితో ఎలా మాట్లాడాలో, ఫ్రెండ్‌తో ఎలా మాట్లాడాలో వేరుగా నేర్పనవసరం లేదు మనకి.

అందరూ భయపడే ‘సేర్’, ‘ఎస్తార్’ తేడా కూడా అంతే. రెండిటికీ ఇంగ్లిష్‌లో ఒకటే మాట కాబట్టి ఇంగ్లిష్‌లోంచి చూస్తే తికమక. తెలుగులోంచి చూడండి. ‘నేను ఇంజినీర్ని’ అంటాం, అక్కడ ‘ఉన్నాను’ రాదు. అది సేర్: ‘సొయ్ ఇన్‌హెన్యేరో’. ‘ఇంట్లో ఉన్నాను’ అంటాం. అది ఎస్తార్: ‘ఎస్తొయ్ ఎన్ కాసా’. ‘ఆమె అందంగా ఉంటుంది’ అంటే ఎప్పుడూ అంతే అని, సేర్. ‘ఇవాళ అందంగా ఉంది’ అంటే ఎస్తార్. ఈ కిటుకు అన్నిచోట్లా పనిచేయదు, వ్యాకరణ పుస్తకానికి బదులు కాదు. కానీ మాట్లాడేటప్పుడు ఆగిపోకుండా పది వాక్యాల్లో ఏడెనిమిది గట్టెక్కిస్తుందని నా అనుభవం.

తెలుగు చేయి వదిలేసే చోట్లూ ఉన్నాయి. వస్తువులకి ఆడ, మగ తేడా మనకి వింత. చేయి స్త్రీలింగం అట, సమస్య పుంలింగం అట. బట్టీయే గతి. ఊనిక మరో తలనొప్పి. తెలుగులో ఏ అక్షరం ఒత్తి పలికినా అర్థం మారదు. అక్కడ ‘ఆబ్లొ’ అని మొదట ఒత్తితే నేను మాట్లాడతాను, ‘అబ్లో’ అని చివర ఒత్తితే ఆయన మాట్లాడారు. ర కూడా అంతే, ‘పెరో’ అంటే కానీ, ‘పెర్రో’ అంటే కుక్క. ఆ రెండో ర కోసం నేను హాస్టల్ బాత్రూంలో రోజూ ఆటో స్టార్ట్ చేస్తున్నట్టు శబ్దాలు చేసేవాణ్ని. పక్క రూమ్‌వాళ్లు ఏమనుకున్నారో అడగలేదు.

నోటికి పని చెప్పడం

ఆ ‘సీ’ ఇంటర్వ్యూ తర్వాత నేను చేసిన మొదటి పని, అదే ప్రశ్న రోజూ రాత్రి నన్ను నేను అడుక్కోవడం. నిన్న ఏం చేశావ్? ఫోన్లో రికార్డర్ ఆన్ చేసి రెండు నిమిషాలు. మొదటి వారం రికార్డింగులు వింటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. లేచాను. తిన్నాను. కాలేజీ. తిన్నాను. పడుకున్నాను. రెండు నిమిషాల్లో నిమిషంన్నర నిశ్శబ్దమే. కానీ రోజూ అదే భూతకాలం, అవే ఇరవై క్రియలు నోట్లో తిరుగుతుంటే మూడో వారానికి ఆలోచించకుండా రావడం మొదలైంది. పట్టిక గుర్తు తెచ్చుకోవడం ఆగిపోయింది. నా లెక్కలో కాన్ఫిడెన్స్ అంటే ఆ క్షణం. ధైర్యం కాదు, అలవాటు.

తర్వాత ఇంకో పద్ధతి దొరికింది. న్యూజిలాండ్‌కి చెందిన పాల్ నేషన్ అనే భాషాబోధన నిపుణుడి రచనల వల్ల బాగా ప్రచారంలోకి వచ్చింది. పేరు 4/3/2. ఒకే విషయం గురించి ముందు ఒకరికి నాలుగు నిమిషాలు చెప్పాలి. అదే విషయం ఇంకొకరికి మూడు నిమిషాల్లో, మరొకరికి రెండు నిమిషాల్లో. కొత్త విషయం వెతుక్కునే పని లేదు కాబట్టి మెదడు మొత్తం మాట మీదే పెట్టొచ్చు. మూడోసారికి తడబాటు ఎంత తగ్గుతుందో మీరే చూస్తారు. మొదట్లో నాలుగు నిమిషాలు ఎవరివల్లా కాదు. రెండు, ఒకటిన్నర, ఒకటి అనుకోండి. వినడానికి ముగ్గురు దొరక్కపోతే ఒకే ఫ్రెండ్‌ని బిర్యానీ ఆశ చూపించి మూడుసార్లు కూర్చోబెట్టండి.

సరైన మాట గుర్తు రానప్పుడు ఏం చేయాలి? ఇక్కడే చాలామంది ఆగిపోతారు. తెలుగులో మాట తట్టకపోతే మనమేమైనా మూగబోతామా? ‘అదీ... అంటే... మరి...’ అని కాలం గడుపుతాం. స్పానిష్‌లో దానికి ‘ప్వేస్’, ‘బ్వేనో’, ‘ఆ బేర్’, ‘ఓ సెయా’ ఉన్నాయి. పుస్తకాల్లో వీటికి చోటు తక్కువ. కానీ మెక్సికోలోనైనా మాడ్రిడ్‌లోనైనా మనుషులు ఇలాగే మాట్లాడతారు. ‘ప్వేస్’ అన్నప్పుడు దొరికే రెండు సెకన్లు ఇంటర్వ్యూలో బంగారం. మాట అస్సలు రాకపోతే, ‘ఫలానా పనికి వాడే వస్తువు’ అని తిప్పి చెప్పండి. అర్థం కాకపోతే ‘మాస్ దెస్పాస్యో, పోర్ ఫబోర్’, కాస్త నెమ్మదిగా అనండి. అడగడం చేతకానితనం కాదు. అర్థం కాకుండా ‘సీ’ అనడం చేతకానితనం. నాకు బాగా తెలుసు.

ఇక నా ఫీల్డ్ కాబట్టి టెక్నాలజీ గురించి నాలుగు మాటలు. యాప్‌లో ఏడాది స్ట్రీక్ ఉందని స్క్రీన్‌షాట్లు పంపేవాళ్లు నాకు బోలెడుమంది. వేలితో నొక్కడం మాట్లాడటం కాదు. అంతకంటే మీ ఫోన్ కీబోర్డులో స్పానిష్ వాయిస్ టైపింగ్ ఆన్ చేసుకుని మాట్లాడండి. మీరన్నది అది సరిగ్గా రాస్తే చాలావరకు మనిషికీ అర్థమవుతుందని లెక్క. అది నవ్వదు, మార్కులు వేయదు. ఏఐ చాట్‌బాట్లతో గొంతుతో మాట్లాడటం కూడా మొదట్లో మంచిదే, బెరుకు పోతుంది. కానీ అక్కడే ఆగిపోవద్దు. బాట్ ఎంత ఓపికగా ఉంటుందంటే, అసలు మనుషులు అలా ఉండరు. మనుషులు మధ్యలో అడ్డొస్తారు, విసుక్కుంటారు, యాస మారుస్తారు. ఆ కుదుపు అలవాటు కావాలి. వినడానికైతే ‘రేడియో అంబులాంతే’ అనే పాడ్‌కాస్ట్ నా సిఫార్సు. లాటిన్ అమెరికా మనుషుల నిజమైన కథలు, వెబ్‌సైట్లో రాతప్రతి కూడా ఉంటుంది. మొదట్లో కష్టంగానే ఉంటుంది. ముందు చదివి తర్వాత వినండి.

టాండెమ్, హెలోటాక్ లాంటి యాప్‌లలో ఇంగ్లిష్ నేర్చుకోవాలనుకునే స్పానిష్ వాళ్లు దొరుకుతారు. ఇక్కడ రాత్రి 9 అయితే మెక్సికో సిటీలో ఉదయం తొమ్మిదిన్నర, స్పెయిన్‌లో సాయంత్రం. టైమ్ కుదురుతుంది. అమ్మాయిలు మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోండి. ఇలాంటి చోట భాష కోసం రానివాళ్లూ ఉంటారు. సొంత నంబర్ ఇవ్వొద్దు, అమ్మాయిలతోనే జత కట్టండి, తేడాగా అనిపిస్తే బ్లాక్ చేయడానికి మొహమాటపడొద్దు.

నాకు మెక్సికోలోని ఒక కాలేజీ కుర్రాడు దొరికాడు. మొదటి కాల్‌కి ముందు నేను రెండు పేజీలు రాసుకుని కూర్చున్నాను. కాల్ కలిశాక తెలిసింది, అతనూ ఇంగ్లిష్ ప్రశ్నలు రాసుకుని వణుకుతూ కూర్చున్నాడని. ఇద్దరం నవ్వుకున్నాం, కాగితాలు పక్కనపెట్టాం. నువ్వు ఇవాళ ఏం తిన్నావు అన్నాడు. ఆవకాయ అన్నం. దాన్నెలా చెప్పాలి? పచ్చి మామిడికాయ, కారం, ఉప్పు, ఆవాలు, నూనె అని ఒక్కో మాటా వెతుక్కుంటూ చెప్పాను. ‘మాంగో కోన్ చిలే!’ అని అరిచాడు. వాళ్ల ఊళ్లలో మామిడి ముక్కల మీద కారం చల్లి బండ్ల మీద అమ్ముతారట. అక్కణ్నుంచి నలభై నిమిషాలు మామిడికాయల మీదే నడిచింది. ఎన్ని తప్పులు మాట్లాడానో లెక్కేలేదు. అంతకుముందు ఏడాదంతా క్లాసులో మాట్లాడినదాని కంటే ఆ రాత్రి ఎక్కువ మాట్లాడాను. పుస్తకంలో ఉన్న ‘మాడ్రిడ్ మ్యూజియంకి దారి’ గురించి నాకు చెప్పాల్సిందేమీ లేదు. ఆవకాయ గురించి ఉంది. మీకు చెప్పాలనిపించేది ఏదో, అందులోంచి మొదలుపెట్టండి. క్రికెట్టో, మీ నాన్న మిరప పంటో, మీ హాస్టల్ సాంబారో.

ఉద్యోగం సంగతి ఉన్నదున్నట్టుగా

‘45 రోజుల్లో స్పానిష్, ఆ వెంటనే ఉద్యోగం’ అనే బోర్డులు మీరూ చూసుంటారు. అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్యవేత్తలకు భాషలు నేర్పే సంస్థ లెక్క ప్రకారం, ఇంగ్లిష్ వచ్చినవాళ్లకు స్పానిష్ తేలిక భాషల జాబితాలోనే ఉంది. అయినా పనిలో వాడే స్థాయికి రావడానికి దాదాపు 600 నుంచి 750 గంటల క్లాసు కావాలంటారు. రోజుకు రెండు గంటలు వేసుకున్నా ఏడాది. 45 రోజుల్లో పలకరింపులు వస్తాయి, అంతే.

నేను చూసినంతలో మన దగ్గర కంపెనీలు స్పానిష్ ఉద్యోగాలకు ఎక్కువగా అడిగేది బీ2 స్థాయి. దానికి ప్రపంచమంతా గుర్తింపు ఉన్న పరీక్ష డెలె. స్పెయిన్ విద్యాశాఖ పేరిట ఇన్‌స్టిట్యూటో సెర్వాంటెస్ ఇస్తుంది, ఢిల్లీలో వాళ్ల కేంద్రం ఉంది. ఆ సర్టిఫికెట్‌కి గడువు లేదు. అందులో చూడాల్సిన మెలిక ఒకటుంది. చదవడం, రాయడం ఒక గ్రూపు, వినడం, మాట్లాడటం ఇంకో గ్రూపు. ఒక్కోదానికి 50 మార్కులు, రెండింట్లోనూ విడివిడిగా 30 రావాలి. రాతలో 50కి 50 తెచ్చుకున్నా, మాటలో బోర్లా పడితే పాస్ కారు. మన కాలేజీల పద్ధతికి ఇది పూర్తిగా ఎదురు. నాకు ఈ పద్ధతే న్యాయంగా అనిపిస్తుంది. హైదరాబాద్‌లో పూర్తిస్థాయి డిగ్రీగా చదవాలనుకుంటే ఇఫ్లూలో స్పానిష్ బీఏ ఉంది. ఇంజినీరింగ్, బీకామ్ చేస్తూ పక్కన నేర్చుకునేవాళ్లకి మాత్రం నా సలహా, భాష ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. అకౌంట్స్ వచ్చి స్పానిష్ వస్తే ఒక విలువ, టెస్టింగ్ వచ్చి స్పానిష్ వస్తే ఒక విలువ. టీసీఎస్ 2002లోనే ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో కేంద్రం తెరిచింది. మన ఐటీకి ఆ ఖండంతో బంధం కొత్తదేమీ కాదు.

మెషీన్ అనువాదం వచ్చాక ఇదంతా దేనికి అని కూడా అడుగుతున్నారు. నిజమే, ఈమెయిల్‌ని స్పానిష్‌లోకి మార్చడానికి ఇప్పుడు మనిషిని పెట్టుకునే అవసరం తగ్గుతోంది. నా అంచనా, రాతపనిలో చిన్న ఉద్యోగాలు ఇంకా తగ్గుతాయి. మిగిలేది కాల్‌లో కోపంగా ఉన్న క్లయింట్‌ని చల్లబరిచే పని, మీటింగ్‌లో సందేహం అడిగే పని. అంటే, మనం తప్పించుకుంటున్న ఆ మాట్లాడటమే.

ఉద్యోగంలో చేరాక తప్పులు ఆగిపోతాయనుకోకండి. ఒకసారి కాల్‌లో ఇన్‌వాయిస్ నంబర్ చెబుతూ ‘సెతెంతా’ బదులు ‘సెసెంతా’ అన్నాను. 70 కాస్తా 60 అయింది. అవతలి ఆయన అరగంట తప్పు ఫైల్ వెతికి, మళ్లీ ఫోన్ చేసి, నవ్వుతూనే చురక వేశారు. అప్పట్నుంచి అంకెలు విడివిడిగా, ఒక్కోటి చెబుతాను. అన్నట్టు, వారమంతా నేను సిగ్గుతో చచ్చిపోయిన ఆ తప్పు, మర్నాటికే ఆయనకి గుర్తులేదు.

క్లాసులో మీరు చేయగలిగిన మార్పు ఒకటుంది. పీరియడ్ అయ్యాక పది నిమిషాలు, ఇద్దరిద్దరుగా కూర్చోండి. తెలుగు, ఇంగ్లిష్ బంద్. ఎవరైనా తప్పు మాట్లాడితే నవ్వకూడదని ముందే ఒప్పందం చేసుకోండి. తప్పులు మధ్యలో దిద్దొద్దు, చివర్లో రెండే రెండు చెప్పండి. మీ సార్‌ని కూడా అడగండి, ఇంటర్నల్స్‌లో ఓ ఇరవై మార్కులు మాట్లాడటానికి పెట్టమని. అడిగితే ఇచ్చేవాళ్లున్నారు. మావాళ్లు ఎవరూ అడగలేదు, నాతో సహా.

మొదటి ఇంటర్వ్యూ అయిన ఏడు నెలలకి ఇంకో కంపెనీకి వెళ్లాను. ఈసారి ‘వీకెండ్‌లో ఏం చేశావ్?’ అన్నారు. ‘ప్వేస్...’ అని మొదలుపెట్టి, ఊరెళ్లాను, కరెంట్ పోయింది, అమ్మతో ఆవకాయ పెట్టించాను అని మూడు నిమిషాలు చెప్పాను. భూతకాలాలు రెండు మూడు చోట్ల కలగాపులగం చేశాను, ఆమె పట్టించుకోలేదు. ఆవకాయ అంటే ఏమిటని అడిగారు. అది మన సిలబస్సే కదా, దంచేశాను. చివర్లో స్పానిష్‌లోనే జీతం ఎంత ఆశిస్తున్నావని అడిగారు. ఐదు లక్షలు అనాలి. ఆ భాషలో లక్షకి విడిగా మాట లేదు, ఐదు వందల వేలు అని చెప్పాలి. అది ఒక్కటే ప్రాక్టీస్ చేయలేదు. గబగబా ‘సింక్వెంతా మీల్’ అనేశాను. అంటే యాభై వేలు. నెలకి కాదు, సంవత్సరానికి. అవతల కాసేపు నిశ్శబ్దం, ఆ తర్వాత ఆమె పగలబడి నవ్వి, ఇంకోసారి లెక్కపెట్టుకుని చెప్పమన్నారు.